పెరుగుదల తగ్గింది, ధర తగ్గలేదు

2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు పెరిగిన వేగం, 0.25 శాతానికి దిగింది. 2012 ధరలను ఆధారంగా తీసుకుని కట్టిన ధరల సూచీలో అంత తక్కువ అంతకు ముందెప్పుడూ లేదు. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో జీడీపీ 8.2 శాతం పెరిగిందని కూడా కేంద్రం ప్రకటించింది. మరి విజయనగరం రైతుబజారుకి వెళ్లిన మనిషికి సంచి ఎందుకు నిండట్లేదు?

తిండి సరుకుల లెక్క చూడండి. 2024 అక్టోబరులో ఏడాది మీద 10.87 శాతం పెరిగాయి, 2025 అక్టోబరులో 5.02 శాతం తగ్గాయి. అంటే 2023 అక్టోబరులో 100 రూపాయలకు వచ్చినవి 110.87కి వెళ్లి, 105.30 దగ్గర ఆగాయి. తగ్గిన ఏడాదిలోనూ పాత ధర తిరిగి రాలేదు. పడినవి ముఖ్యంగా కూరగాయలు, అదీ 27 శాతానికి పైగా. నూనెలు అదే నెలలో 11 శాతం దాకా పెరిగాయి. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరున 10కి దించారు.

అందుకే ఇంటి సూచీ ఇంట్లోనే కట్టుకోవాలి. నెలకు సరిపడా సరుకులు, పరిమాణాలు ఒక్కసారి రాసి మార్చకుండా ఉంచండి: కందిపప్పు 2 కిలోలు, నూనె 3 లీటర్లు, చోళ్లు (రాగులు) 2 కిలోలు, ఉల్లిపాయలు 4 కిలోలు, చింతపండు అరకిలో, గుడ్లు 30. మందులు, బస్సు ఛార్జీ, బడి ఫీజులో నెల వాటా కూడా కలపండి. ప్రతి నెలా ఒకే వారంలో, ఒకే కొట్లో ధర అడిగి ఆ పరిమాణంతో గుణించండి. పోలిక మాత్రం నిరుటి అదే నెలతోనే. ఉల్లి, టమాటా కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి కిందటి నెలతో పోలిస్తే ఏమీ తేలదు.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ధర బదులు పెట్టిన ఖర్చు రాస్తారు. పప్పు ప్రియమైతే కిలోన్నరతో సరిపెట్టుకుంటాం. ఖర్చు అంతే కనబడుతుంది, తగ్గిన అరకిలో ఏ లెక్కలోకీ రాదు. ఇంట్లో ఆడవాళ్ల కంచంలోంచే ముందు తగ్గేది అదే, కాబట్టి ఈ పొరపాటు చిన్నది కాదు.

నూనె ప్యాకెట్ల విషయంలో బరువు చదవండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. 850 గ్రాముల ప్యాకెట్‌ని లీటరని రాసేస్తే ధర తక్కువగా తేలుతుంది. ధరను గ్రాములతో భాగించి 910తో గుణిస్తే అసలు లీటరు ధర వస్తుంది.

గ్యాస్‌కి బండ పూర్తి ధరే రాయండి. ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో 2024 నవంబరు 1న మొదలైన రాష్ట్ర ఉచిత గ్యాస్ పథకం దీపం-2లో ఏడాదికి మూడు బండలు ఉచితమే గానీ, డబ్బు ముందు మనమే కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. పడిన నాడు వేరే వరసలో జమ వేసుకోండి.

చివరికి ఈ జాబితా మొత్తం ధరను రోజు కూలితో భాగించండి. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2024-25లో 300, 2025-26లో 307. పెరిగింది 2.3 శాతం. ఆ భాగహారంలో వచ్చే పనిదినాల సంఖ్య నిరుటికంటే తగ్గితేనే ఆ ఇల్లు కోలుకున్నట్టు.