ఆయనదో పాస్‌పోర్టు, నాదో పాస్‌పోర్టు: ఏ దేశం పోవాలి?

మా ఆయనది పోలండ్, నాది హనుమకొండ. పెళ్లయినప్పటి నుంచి చుట్టాలు అడిగేది ఒకటే, "మరి ఏడ సెటిలైతరు?" అని. ఇక్కడో, అక్కడో, ఈ రెండే జవాబులుంటాయని వాళ్ల లెక్క. మూడో దేశం కూడా ఉంటుంది, మాలాంటి జంటలకు చాలాసార్లు అదే సులువు. మన వరంగల్, కరీంనగర్ పిల్లలు మాస్టర్స్ కోసం జర్మనీ, ఐర్లండ్, కెనడా పోయి అక్కడ వేరే దేశం వాళ్లను చేసుకుంటున్నారు, వాళ్లలో కొందరు నాకు మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసింది ఒక్కచోట రాస్తున్నా.

జీతం, చలి, ఇంటి అద్దె, అవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది ఆ దేశంలో ఎవరి కాగితం ఎవరి మీద ఆధారపడి ఉంటుందనేది. ఒకరి ఉద్యోగం పోతే, ఒకరికి ఏదన్నా అయితే, రెండో మనిషి అక్కడ ఉండగలరా, పని చేసుకోగలరా? మా బాపు పరకాల దగ్గర పత్తి పండించే రైతు, వీసాల సంగతి ఆయనకేం తెలీదు. కానీ మేం విషయం చెప్పిన రోజే అడిగాడు, "బిడ్డా, నువ్వు ఆయన కాయిదం మీద బతుకుడా, ఆయన నీ కాయిదం మీద బతుకుడా? రేపు ఏమన్న అయితే నిన్ను ఆడ ఎవరు ఉండనిస్తరు?" అని. తర్వాత లాయర్‌కు ఫీజు కట్టి తెలుసుకున్నదంతా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చింది.

ఇండియాలోనే ఉండొచ్చు కదా అంటారు. మేం కొన్నాళ్లు ఉన్నాం కూడా. పెళ్లి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నాం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి, నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి. ఆయన పెళ్లికి అర్హుడేనని పోలండ్ సివిల్ రిజిస్ట్రీ ఇచ్చిన సర్టిఫికెట్, దానికి అపోస్టిల్ (కాగితం అసలుదేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర), దానికి అనువాదం. మా నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు అంటించి ఉన్నన్ని రోజులూ అమ్మకు నిద్ర లేదు, ఎవరో ఒకరు చదివి ఏదో ఒక అభ్యంతరం పెడతారని. ఎవరూ పెట్టలేదు. అసలు ఇబ్బంది పెళ్లి తర్వాత మొదలైంది. భార్యగానో భర్తగానో వచ్చినవాళ్లకు ఇచ్చే ఎంట్రీ వీసా మీద ఇక్కడ ఉద్యోగం చేయడానికి లేదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వాళ్లకు, మనవాళ్ల భార్యాభర్తలకు ఇచ్చేది) వస్తే ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితేనే దానికి అప్లై చేయాలి. ఇంజినీరింగ్ చదివి పదేళ్లు పనిచేసిన మనిషి పొద్దున లేచి ఏం చేయాలో తెలియక మా వాకిట్లో కూర్చోవడం నేను చూశాను. ఏమే, అల్లుడు ఖాళీగున్నడా అని పక్కింటోళ్లు అడిగితే నాకు కడుపులో దేవినట్టయ్యేది. ఇండియా వద్దని నేను అనను, ఆ రెండేళ్లు ఎట్లా గడుస్తాయో ముందే కూర్చుని మాట్లాడుకోండి అంటున్నా.

ఇంక పోలండ్. అక్కడ వాళ్ల పౌరుడి భార్యకు మూడేళ్ల దాకా నివాస అనుమతి ఇస్తారు, వర్క్ పర్మిట్ అక్కర్లేదు. పెళ్లయి మూడేళ్లు నిండి, అందులో కనీసం రెండేళ్లు ఆ అనుమతి మీద అక్కడే ఉంటే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు. కాగితం పరంగా మంచి దేశమే. మా అత్తమ్మ కూడా చాలా మంచి మనిషి. కానీ నాకు పోలిష్ రాదు, డాక్టర్ దగ్గరికి పోవాలన్నా, కరెంటు బిల్లు మీద ఏముందో తెలియాలన్నా ఆయన పక్కన ఉండాలి. వీసా ఆధారపడటం ఒకటైతే, నోరు ఆధారపడటం ఇంకొకటి, రెండోది ఏ ఫారంలోనూ కనపడదు. భాష నేర్చుకుంటున్నా, వదిలేయలేదు, కాకపోతే ఉద్యోగ ఇంటర్వ్యూలో మాట్లాడేంత రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు యూరప్‌లో చాలామందికి తెలియని సంగతి. యూరోపియన్ యూనియన్ (ఈయూ, అంటే పోలండ్, జర్మనీ, ఐర్లండ్ లాంటి దేశాల కూటమి) పౌరుడు తన సొంత దేశంలో ఉంటే అతని భార్యకు ఆ దేశ చట్టమే వర్తిస్తుంది. అదే మనిషి ఇంకో ఈయూ దేశానికి పోయి ఉద్యోగం చేస్తే, భార్యకు 2004 నాటి ఈయూ డైరెక్టివ్ (2004/38, ఈయూ దేశాలన్నీ పాటించాల్సిన ఉమ్మడి చట్టం) వర్తిస్తుంది, అది చాలాచోట్ల సొంత దేశం చట్టం కంటే ఉదారంగా ఉంటుంది. జర్మన్ భర్త తన తెలుగు భార్యను జర్మనీకి తీసుకుపోవాలంటే మామూలుగా ఆమె ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు, జర్మన్ భాషా పరీక్ష పాసవ్వాలి. అదే జర్మనీకి పోలిష్ భర్త తీసుకుపోతే ఆ పరీక్ష లేదు, ఎంట్రీ వీసాకు ఫీజు లేదు. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ చట్టం అదే. దీనికి దగ్గరి కేసు ఒకటి మనవాళ్లదే. సురీందర్ సింగ్ అనే భారతీయుడు బ్రిటిష్ ఆమెను చేసుకుని, ఇద్దరూ 1983 నుంచి 1985 దాకా జర్మనీలో పనిచేసి బ్రిటన్‌కు తిరిగొచ్చారు. అట్లా పనిచేసి తిరిగొచ్చిన పౌరుల భార్యాభర్తలకూ ఈయూ హక్కులే ఉంటాయని యూరోపియన్ కోర్టు 1992లో తీర్పిచ్చింది. బ్రిటన్ ఈయూ నుంచి బయటికి పోయాక అక్కడ ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు అక్కడ భర్తనో భార్యనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి, 2024 ఏప్రిల్ దాకా అది 18,600 ఉండేది.

అందుకే మేం ఐర్లండ్ వైపు తిరిగాం. ఇంగ్లిష్ నడుస్తుంది, పోలిష్ వాళ్లు కూడా బాగా ఉన్నారు, ఆయన ఉద్యోగం చేస్తుంటే నాకు కూడా అక్కడ పనిచేసే హక్కుంటుంది. మొదట్లో నా కాగితం ఆయన మీదే ఆధారపడుతుంది, అది నిజమే. కానీ డైరెక్టివ్‌లో రెండు రక్షణలున్నాయి. అక్కడ ఏడాది ఉన్నాక భర్త చనిపోతే భార్య ఉండే హక్కు పోదు. పెళ్లయి మూడేళ్లు నిండి, అందులో ఏడాది ఆ దేశంలో గడిపి ఉంటే విడాకులైనా ఆ హక్కు పోదు, కాకపోతే తన కాళ్ల మీద తాను నిలబడుతున్నట్టు చూపించాలి. ఐదేళ్లయ్యాక శాశ్వత నివాసం మన సొంతానికే వస్తుంది. బాపుకు ఇదంతా ఫోన్‌లో చదివి చెప్తే, "గట్లైతే మంచిదే" అన్నాడు. కొత్తగా పెళ్లైనప్పుడు చావు గురించి, విడాకుల గురించి చదవడం ఎవరికీ ఇష్టముండదు, అయినా చదవండి, ముఖ్యంగా ఆడపిల్లలు చదవండి.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకు ఒక్కటి చెప్తా. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు లైన్ మన పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. ఇండియాలో పుట్టినవాళ్లకు ఆ లైన్ ఏళ్లకేళ్లు పడుతుందని మీకు తెలుసు. కానీ జీవిత భాగస్వామి వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి అప్లై చేసేటప్పుడు ఆ దేశం లైన్‌లో నిలబడొచ్చు. లాయర్‌ను అడిగేదాకా చాలామందికి ఈ సంగతి తెలియదు. మేం అటు పోకపోవడానికి కారణం, హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్న మనిషి గ్రీన్‌కార్డు పని కొంత దూరం పోయేదాకా ఉద్యోగం చేయలేడు, మా వాకిట్లో చూసిందే మళ్లీ అక్కడ చూడాలి.

నా లెక్కకు కెనడా అన్నిటికంటే సమానమైనది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (వయసు, చదువు, భాష, అనుభవానికి పాయింట్లు వేసి ఎంచుకునే పద్ధతి) ఇద్దరికీ కలిసి పీఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తుంది, దిగిన రోజు నుంచి ఎవరి కాగితం వాళ్లదే. ఎవరు ప్రధాన దరఖాస్తుదారు కావాలో రెండు రకాలుగానూ పాయింట్లు వేసి చూసుకోండి, మగవాళ్ల పేరే ముందుండాలని లేదు. ముప్పై దాటాక వయసు పాయింట్లు ఏటా తగ్గుతాయి, 45కి సున్నా. మాకు అక్కడే దెబ్బ పడింది.

ఏ దేశమైనా కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో చివరన, పెళ్లి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా. మూడూ ఒకే మనిషివని అఫిడవిట్లు పెట్టాల్సి వచ్చింది. నేను ఊళ్లో ఇంట్లోనే పుట్టాను, జనన రిజిస్టర్‌లో పేరు లేదు. అట్లాంటివాళ్లు రికార్డు లేదనే సర్టిఫికెట్ ముందు తీసుకోవాలి, దానికి తోడుగా పాత స్కూలు కాగితాలు పెట్టుకోవాలి.

పౌరసత్వం విషయం మాత్రం నాకు ఇంకా బరువుగానే ఉంది. పోలండ్, ఐర్లండ్ రెండూ రెండో పాస్‌పోర్టుకు అడ్డు చెప్పవు, మన దేశం ఒప్పుకోదు. ఎప్పటికైనా నేను మారితే ఓసీఐ మీదే రావాలి, ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి ఉండదు. బాపు పొలం వారసత్వంగా రావచ్చు కానీ పక్కన ఎకరం కొందామంటే కుదరదు. అందుకని ఇప్పుడప్పుడే పాస్‌పోర్టు మార్చను, శాశ్వత నివాసం చాలు.

ఇంకొకటి, అదే డైరెక్టివ్‌లో భార్య తరఫు తల్లిదండ్రులు కూడా కుటుంబం కిందికే వస్తారు, వాళ్లు మన మీద ఆధారపడి ఉన్నట్టు రుజువు చేయగలిగితే. బాపు రానంటున్నాడు, పత్తి ఎవరు చూస్తరు అంటాడు. అయినా నెలనెలా పంపే డబ్బుల రసీదులు, మందుల బిల్లులు ఒక ఫైల్‌లో పెట్టడం మొదలుపెట్టాను. మీలో ఎవరైనా ఈ దారిలో అమ్మానాన్నలను తీసుకుపోయి ఉంటే ఏమేం అడిగారో నాకు రాయండి.