ఉప్పు లేని బిస్కెట్లు

ఆదివారం. పొద్దున్నించీ ముసురు. విశాఖలో ఈ రోజుల్లో ఆరేసిన బట్టలు కూడా ఆరవు, అలాంటిది నేను బిస్కెట్లు కాల్చే పని పెట్టుకున్నాను. అదీ మాకు కాదు, బూరెకి.

బూరె అంటే మా కుక్క. వీధిలో దొరికింది. పిల్లప్పుడు గోధుమరంగు ఒళ్లు, గుండ్రటి పొట్ట చూసి అమ్మే ఆ పేరు పెట్టింది. ఇప్పుడు పొట్ట పోయింది, పేరు మిగిలింది.

వీధికుక్క మీద ఎవరికైనా జాలి కలిగితే ముందు పెట్టేది ఐదు రూపాయల గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్టే. బూరె కూడా వాటితోనే మచ్చికైంది. అందులో ఉన్నది మైదా, పంచదార. అలవాటు మాన్పించాలంటే బదులుగా ఏదో ఒకటి పెట్టాలి కదా.

రైతుబజారులో తెచ్చిన చిలగడదుంపలు ఉడకబెట్టి మెదిపితే కప్పుడు ముద్ద వచ్చింది. దాంట్లో ఒకటిన్నర కప్పు గోధుమపిండి, కప్పు రాగిపిండి, ఒక గుడ్డు. వేరుశెనగపప్పు దోరగా వేయించి, పొట్టు నలిపి ఊదేసి, మిక్సీలో నూనె వదిలేదాకా తిప్పి రెండు చెంచాలు కలిపాను. సీసాల్లో అమ్మే పీనట్ బటర్ వాడొచ్చు కానీ లేబుల్ చూడాలి. షుగర్ ఫ్రీ అని రాసిన కొన్నింట్లో పంచదారకి బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేస్తారు. మనకి ఏమీ కాదు. కుక్క ఒంట్లో మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగదన్ని చక్కెర పడిపోతుంది, లివర్ కూడా దెబ్బ తినొచ్చు. ఆ టెన్షన్ కన్నా మిక్సీ మోతే నయం.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తోంది. "ఉప్పేదే?"

"వెయ్యకూడదమ్మా."

"చిటికెడు కూడానా? బెల్లం?"

"అదీ వద్దు."

"అలాంటప్పుడు చెయ్యడం దేనికే, పిండి ముద్దలు పడేస్తే పోలేదూ!"

అమ్మ బాధ నాకు అర్థమైంది. ఉప్పు డబ్బా మీద చెయ్యి వెయ్యకుండా స్టవ్ దగ్గర నిలబడటం ఆవిడ జన్మలో చూడలేదు. మన నాలుకకి తొమ్మిది వేల దాకా రుచిమొగ్గలుంటే కుక్కకి పదిహేడు వందలే, దాని రుచంతా ముక్కులోనే అని చెప్పి చూశాను. వినిపించుకోలేదు. నిజానికి నాకూ చెయ్యి ఆడలేదు. ఏం వండినా కొంచెం చేతిలో వేసుకుని నాకి చూసే అలవాటు. ఇక్కడ నా నాలుకతో పనే లేదు. పిండి చపాతీ పిండికన్నా గట్టిగా వచ్చిందా, వేరుశెనగ కమ్మటి వాసన వస్తోందా, అంతే.

అమ్మ ఊరుకోలేదు. ఒక్కోదాని మీద ఒక్కో కిస్మిస్ అద్దితే ముచ్చటగా ఉంటుందంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయని చెప్పాను. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా కూడదన్నాను. "మా ఊళ్లో కుక్కలు పులుసన్నం తిని బతకలేదా?" అంది. అన్నం విషయంలో ఆవిడదే రైటు. మనుషుల దగ్గర ఉండీ ఉండీ కుక్కలు పిండిపదార్థాన్ని తోడేళ్లకన్నా బాగా అరిగించుకోవడం నేర్చుకున్నాయని 2013లో జన్యువులు చూసి మరీ తేల్చారు. ఉల్లిపాయ పులుసు సంగతి వేరు, అది ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తుంది. బతికినవి మనకి గుర్తున్నాయి, బతకనివాటిని ఎవరు లెక్కపెట్టారు?

చపాతీ పీట మీద అర అంగుళంకన్నా పల్చగా ఒత్తాను. చాకు అమ్మ లాక్కుంది. మైదా బిస్కెట్లు కోసిన చెయ్యి, ఏటవాలు గీతలు చకచకా పడిపోయాయి. ఎముక ఆకారం అచ్చు కొనలేదు. ఆ ఆకారం కొనేవాళ్ల సరదాకే, 1908లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన మిల్క్‌బోన్ వాళ్ల పుణ్యమా అని అలవాటైంది. అసలు కుక్క బిస్కెట్ అనేది అమ్మకానికి వచ్చింది 1860 ప్రాంతంలో లండన్‌లో. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి రొట్టెల్ని కుక్కలు ఎగబడి తినడం చూసి జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్‌కి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఇదంతా చెబితే అమ్మ, "అయితే ఎవరో పారేసిందేగా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఓటీజీ ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. అంచులు ఎర్రబడ్డాక 100కి తగ్గించి ఇంకో గంట వదిలేశాను. ఈ రెండోదే ముఖ్యం. లోపలి తడి పోకపోతే ఈ ముసురులో రెండ్రోజులకే బూజు పడుతుంది. విరిస్తే టక్కుమనాలి. బూరె ఆ గంటసేపూ వంటింటి గడప దాటి లోపలికి రాలేదు, గడప మీదే గెడ్డం ఆనించి పడుకుంది. చల్లారాక ఒకటి ఇస్తే నమలకుండా ముందు గదంతా తిప్పి, సోఫా కిందకి పట్టుకెళ్లి కొరికింది. చప్పుడు వంటింట్లోకి వినపడింది.

రోజుకి రెండే ఇవ్వాలి. చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ఈలోగా అమ్మ నాకు తెలియకుండా కొంత పిండి పక్కన దాచింది. ఉప్పు, కారం, వాము దట్టించి నూనెలో వేయించేసింది. చిలగడదుంప తీపికి వాము భలే కుదిరింది. సాయంత్రం టీకి నాన్న పళ్లెం ఖాళీ చేశారు. మిగిలిన కారం బిస్కెట్లు అటక మీద డబ్బాలో పెట్టాను. బూరెవి ఫ్రిజ్‌లో, మూత మీద స్కెచ్ పెన్‌తో "కుక్కవి" అని రాసి.