తెనాలి చవితి, బెంటన్‌విల్ చవితి

“పండగ రేపైతే ఇవాళే ఉండ్రాళ్లు దింపేశారా? అమెరికా వెళ్లి పంచాంగం కూడా మార్చేశారా తల్లీ!”

2024లో శుక్రవారంనాడే వినాయకుణ్ణి కూర్చోబెట్టిన బెంటన్‌విల్ కోడళ్లకి తెనాలి నుంచి పడే అక్షింతలు ఈ తరహావే. తెనాలిలో చవితి సెప్టెంబర్ 7, శనివారం. ఆర్కాన్సాలో, వాల్‌మార్ట్ హెడ్డాఫీసున్న ఈ ఊళ్లో 6, శుక్రవారం. సులువు చూసుకున్నారని అక్కడివాళ్ల అనుమానం. సులువే కావాలంటే సెలవు రోజు శనివారం ఉండగా, ఆఫీసున్న శుక్రవారం ఎవరు పెట్టుకుంటారండీ?

తిథి సూర్యచంద్రుల మధ్య ఎడాన్ని బట్టి నడుస్తుంది, పన్నెండేసి డిగ్రీలకి ఒకటి. అది భూమ్మీద అన్ని ఊళ్లకీ ఒకే క్షణంలో వచ్చి ఒకే క్షణంలో పోతుంది. ఆ ఏడు చవితి తెనాలి గడియారంలో శుక్రవారం మధ్యాహ్నం 3:01కి వచ్చి శనివారం సాయంత్రం 5:37కి వెళ్లింది. బెంటన్‌విల్ గడియారంలో అవే క్షణాలు శుక్రవారం తెల్లవారుజామున 4:31, శనివారం పొద్దున 7:07. వినాయక చవితికి మధ్యాహ్నం వేళ తిథి ఉండాలి. తెనాలిలో అది శనివారం దొరికింది. బెంటన్‌విల్‌లో శనివారం కాఫీ తాగేలోపే చవితి వెళ్లిపోయింది.

ఇక్కడే అసలు పేచీ. శనివారం బెంటన్‌విల్‌లో సూర్యోదయం 6:55 ప్రాంతంలో. అప్పటికి చవితి ఇంకో పన్నెండు నిమిషాలుంది. “ఉదయానికి ఉన్న తిథే కదా లెక్క” అని పట్టుబట్టేవాళ్లు అందుకే బయల్దేరతారు. చాలా పండగలకి ఆ లెక్క సరిపోతుంది, చవితికి సరిపోదు. తెనాలిలో ఈ గొడవే తెలియదు. సందు చివర పందిట్లో మైకు మోగితే పండగొచ్చినట్టు. తిథి లెక్క పంతులుగారు చూసుకుంటారు.

లెక్క కట్టడం కష్టమేం కాదు. వేసవి టైములో తెనాలికీ బెంటన్‌విల్‌కీ పదిన్నర గంటల తేడా. తెనాలి టైముకి గంటన్నర కలిపి, పగలుని రాత్రి, రాత్రిని పగలు చేస్తే చాలు: సాయంత్రం 5:37 కాస్తా పొద్దున 7:07. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు, అప్పుడు కలపాల్సింది అరగంటే. సంక్రాంతికి ఈ లెక్క, చవితికి ఆ లెక్క. తప్పు ఎక్కువగా జరిగేది పంచాంగం యాప్‌లో. ఊరు హైదరాబాద్ అనే ఉండిపోతుంది, అది చూపించే 5:37ని ఇక్కడి సాయంత్రం అనుకుంటారు. రాహుకాలానిదీ ఇదే కథ. గంటన్నర చొప్పున గోడ క్యాలెండర్లో వేసే పట్టిక, పగలు పన్నెండు గంటలుండి ఆరింటికి తెల్లారే ఊరికి. జూన్‌లో బెంటన్‌విల్ పగలు పధ్నాలుగున్నర గంటలు దాటుతుంది, అందులో ఎనిమిదో వంతైన రాహుకాలం దాదాపు గంటా యాభై నిమిషాలు. డిసెంబర్లో అదే గంటంబావుకి తగ్గుతుంది.

సెప్టెంబర్లో ఇక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది పన్నెండింటికి కాదు, ఒంటిగంటా పావుకి. అంటే పూజవేళ సుమారు పన్నెండు నుంచి రెండున్నర. సగం రోజు సెలవు పెట్టాల్సిందే. అప్పుడు తెనాలిలో రాత్రి పదిన్నర దాటి ఉంటుంది, వీడియోలో అమ్మమ్మ కూర్చోదు. పిల్లలకి ఆవిణ్ణి చూపించాలంటే పొద్దున ఆరున్నరకి ఫోన్ చేయాలి. అక్కడ సాయంత్రం ఐదు, మార్కెట్లో పత్రి బేరం జరుగుతుంటుంది.

పత్రి మాటకొస్తే ఇరవై ఒకటీ ఇక్కడ దొరకవు. గరికకి మాత్రం కొదవలేదు, అమెరికావాళ్లు బెర్ముడా అని లాన్లలో పెంచేది అదే. కాకపోతే కలుపుమందు కొట్టిన లాన్‌లో కోయకూడదు. కుండీలో పెంచింది మేలు. కుండీలో తులసి కూడా ఉంటే ఇంకేం, మిగతావాటికి అక్షింతలే.

చంద్రుడి విషయంలో మాత్రం రెండూళ్లదీ ఒకే రోజు. చవితి చంద్రుడు రెండుచోట్లా కనిపించింది శుక్రవారం సాయంత్రమే. తెనాలిలో శనివారం పొద్దుగూకేసరికి పంచమి వచ్చేసింది. పూజ శనివారానికి వాయిదా వేసినవాళ్లు శుక్రవారం సాయంత్రం ఏడున్నర దాటాక ఆఫీసు నుంచి పడమటికి కారు తిప్పారంటే, అద్దంలో ఎదురుగా నెలవంక. కథ వినలేదు, నెత్తిన అక్షింతలూ లేవు.