పెద్దమ్మ సూదికి పూసిన పగడాలు

ఆదివారం. టిఫిన్ వేళకే కరెంటు పోయింది. ఫ్యాను లేని ఇంట్లో ఉడికేకన్నా బస్సెక్కడం నయమనిపించి నరసాపురం బయల్దేరాను. ఎలాగూ పెద్దమ్మ ఫోను చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తావే" అని సతాయిస్తూనే ఉంది. సంచిలో నాలుగు మామిడిపళ్ళు, ఒక లావుపాటి క్రోషే సూది, మడతపెట్టిన పాత క్యారీబ్యాగులు వేసుకున్నాను. క్యారీబ్యాగులెందుకో తర్వాత చెబుతాను.

భీమవరం దాటితే దారికి అటూ ఇటూ రొయ్యల చెరువులే. అదృష్టం బాగుండి కిటికీ సీటు దొరికింది. రాత్రి ఫోన్లో దాచుకున్న ఫొటోలు మళ్ళీ తీశాను. మామూలుగా చూస్తే సముద్రం అడుగున తీసినవే అనుకుంటాం. పగడపు దిబ్బ, గులాబీ రంగు కుచ్చులు, పసుపు గొట్టాలు, ఊదారంగు చెట్టుకొమ్మలు. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే బయటపడుతుంది, అదంతా ఊలు. అక్కడక్కడ దారప్పోగులు కూడా వేలాడుతున్నాయి.

ఈ పని మొదలుపెట్టింది మార్గరెట్ వర్థైమ్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్ళు. వాళ్ళది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్. అంటే 2300 కిలోమీటర్ల పొడవున గ్రేట్ బారియర్ రీఫ్ ఉన్న తీరం. అప్పట్లో ఉండేది మాత్రం లాస్ ఏంజెలెస్‌లో. ఒకావిడ సైన్సు విషయాలు రాస్తుంది, రెండో ఆవిడ కవి, చిత్రకళ మనిషి. సొంత ఊరి పగడాలు నీటి వేడికి తెల్లబడిపోతున్నాయన్న బెంగతో 2005లో ఇంట్లో హాల్లో కూర్చుని అల్లడం మొదలుపెట్టారు.

నాకు బాగా నచ్చింది దీని వెనకున్న లెక్క. బళ్ళో జామెట్రీ గుర్తుందా? ఒక గీత, దాని బయట ఒక చుక్క. ఆ చుక్క గుండా గీతకి సమాంతరంగా ఒకే ఒక్క గీత గీయగలం అని మాస్టారు బల్ల గుద్ది చెప్పేవారు. అలాంటివి ఎన్నయినా గీయగల తలం కూడా ఉండొచ్చని 19వ శతాబ్దం మొదట్లో హంగరీలో బోల్యాయ్, రష్యాలో లొబచెవ్‌స్కీ తేల్చారు. కాగితం మీద లెక్క కుదిరింది కానీ చేత్తో పట్టుకుని చూడ్డానికి సరైన వస్తువు చాలాకాలం దొరకలేదు. విలియం థర్స్‌టన్ అనే గణితవేత్త వంపు తిరిగిన కాగితం ముక్కలు అతికించి నమూనా చేసే దారి చూపించాడు. అది నాలుగు చేతులు మారితే చిరిగిపోయే రకం. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన్య అనే లాత్వియా గణితవేత్త, చిన్నప్పుడు నేర్చుకున్న క్రోషే సూది తీసి, అదే తలాన్ని దారంతో అల్లేసింది. సూత్రం ఇంతే: ప్రతి వరసలోనూ ఇన్ని కుట్లకి ఒకటి అని ఎక్కువ వేసుకుంటూ పోవాలి. అంచు పెరుగుతుంది, దానికి చోటు చాలదు, అలలు తిరుగుతుంది. అల్లినదాన్ని మడిస్తే ఆ మడతే తిన్నని గీత. మడత వెంబడి రంగు దారం కుట్టి, బయట ఒక చుక్క దగ్గర నుంచి మొదటి గీతని తాకని మడతలు ఒకటి కాదు, ఎన్నో వేయొచ్చు. మాస్టారికి చూపిస్తే ఏమనేవారో!

గణితంవాళ్ళు దాదాపు రెండు శతాబ్దాలు తంటాలు పడ్డ ఆకారాన్ని పగడాలు, సముద్రపు నత్తలు, మన వంటింటి లెట్యూస్ ఆకు ఎప్పటినుంచో ఒంటిమీద మోస్తున్నాయి. అక్కచెల్లెళ్ళకి తట్టింది ఇదే. మొదట సూత్రం తప్పకుండా అల్లారు. అన్నీ ఒకే అచ్చులోంచి తీసినట్టు వచ్చాయి. తర్వాత కావాలని లెక్క తప్పించారు, ఇక్కడ రెండు ఎక్కువ, అక్కడ నాలుగు తక్కువ. అప్పుడు ఆ ముక్కలకి జీవం వచ్చింది.

ఇది వాళ్ళిద్దరితో ఆగలేదు. చికాగో, లండన్, వాషింగ్టన్, ఎక్కడ ప్రదర్శన పెడితే అక్కడి జనం తమ సొంత దిబ్బ అల్లుకోవడం మొదలుపెట్టారు. 2019లో ఈ ఊలు దిబ్బ ఇటలీలో వెనిస్ బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శనకి వెళ్ళింది. 2022లో జర్మనీలో బాడెన్‌బాడెన్ అనే ఊళ్ళో మ్యూజియం వాళ్ళు పిలుపిస్తే సుమారు 4000 మంది కలిసి 40,000 పైచిలుకు పగడాలు పంపారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. వీళ్ళలో ఎంతమంది తమని తాము ఆర్టిస్టు అనుకుని ఉంటారు?

సముద్రం మీద పనిచేసే కళాకారులంటే ఇప్పుడు అందరూ ముందు చెప్పే పేరు జేసన్ డికేర్స్ టేలర్. 2006లో కరీబియన్‌లోని గ్రెనడా దగ్గర నీళ్ళలో శిల్పాలు దింపాడు, ఆ తర్వాత మెక్సికోలో కాన్‌కూన్ దగ్గర నాలుగు వందలకు పైగా మనుషుల బొమ్మలు. సిమెంటు ముఖాల మీద నాచు, పగడాలు పట్టి, చేపలు కాపురం పెడతాయి. చూస్తే ఒళ్ళు జలదరించే మాట నిజమే. కానీ చూశాక నేనేం చెయ్యను? క్రేను కావాలి, పడవ కావాలి, డైవర్లు కావాలి, సర్కారు అనుమతి కావాలి. అరచేతి వెడల్పు కాగితాల మీద బొమ్మలు వేసుకునే నాలాంటిది దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవాల్సిందే. వర్థైమ్ వాళ్ళ పని అలా కాదు. చూసినవాళ్ళ చేతికి సూది ఇచ్చి, కూర్చో అంటుంది. స్ఫూర్తి అన్న మాట ఊరికే పారేస్తున్నారు కానీ, నా మటుకు నాకు, చూసి ఇంటికొచ్చిన రాత్రి చేతులు ఊరుకోకపోతేనే దాన్ని స్ఫూర్తి అంటాను.

నరసాపురంలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. పెద్దమ్మ అరుగు మీద నీడలో కూర్చుని లేసు అల్లుతోంది. తెల్ల దారం, నా చేతికి ఆననంత సన్నటి సూది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇది ఇంటింటి పని. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారంటారు. పెద్దమ్మకి నేర్పింది వాళ్ళమ్మ. చేస్తే ముక్కకింత అని ఏజెంటు ఇస్తాడు. ఎంతిస్తాడని అడిగితే పెద్దమ్మ మాట మార్చేస్తుంది.

ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

"ఇదేంటే, కుట్లు ఎక్కువేసి పాడుచేసుకున్నారు. అంచంతా ముడుచుకుపోయింది కదా."

"అలాగే కావాలంట పెద్దమ్మా వాళ్ళకి."

"మేం చిన్నప్పుడు ఇలా చేస్తే మొహాన కొట్టేవోరు."

అంటూనే బుట్టలోంచి సగంలో ఆపేసిన గుండ్రటి ముక్క తీసింది. ఎన్నింటికి ఒకటి అని అడిగింది. నాలుగుకి ఒకటి అన్నాను. చేతుల వంక చూడకుండా, పాలవాడు నీళ్ళు కలుపుతున్న సంగతి చెబుతూ అల్లుకుపోయింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత అంచు కొంచెం లేచింది. ఇంకో వరస పడేసరికి ముక్క బల్లపరుపుగా ఉండనని మొరాయించి, ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి వంగింది. పెద్దమ్మ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక పక్కన మరో నాలుగు కుట్లు ఇరికించింది. "ఒకే తీరుగా ఉంటే ఏం బాగుంటది" అంది. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన కథ అప్పటికి నేను చెప్పలేదు.

ఇంకో మాట కూడా అంది. "ఇది దారాన్ని ఎలా తింటందో చూశావా? ఒక్క వరసకి ముందేసిన వరసలన్నిటంత పట్టేలా ఉంది. ఎవడికి గిట్టుద్దే ఇది?" పెరుగుదల ఎలా ఉంటుందో చెప్పడానికి గణితం పుస్తకంలో గ్రాఫులు గీస్తారు. పెద్దమ్మకి ఉండ తరిగిపోవడం చూస్తే అర్థమైపోయింది.

ఆ ముక్క తెల్లగా ఉంది. అక్కచెల్లెళ్ళు తెల్ల దారంతో అల్లిన దిబ్బ కూడా ఒకటుంది, రంగు పోయిన పగడాల పేర. పగడం అంటే రాయి కాదు, సున్నపు గూడు కట్టుకునే చిన్న జంతువు. దాని ఒంట్లో ఉండే నాచే దానికి రంగు, చాలావరకు తిండి కూడా. వేసవిలో నీరు మామూలుకన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి తోసేస్తుంది. మిగిలేది తెలుపు. అప్పటికి చచ్చిపోయినట్టు కాదు, నీరు తొందరగా చల్లబడితే కోలుకుంటుంది. గ్రేట్ బారియర్ రీఫ్ 1998, 2002 తర్వాత 2016, 2017, 2020, 2022, 2024ల్లో పెద్దయెత్తున ఇలా తెల్లబడింది. కోలుకోవడానికి మధ్యలో సందేదీ?

ఇదంతా చెబితే పెద్దమ్మ వేలికున్న ఉంగరం చూపించి, "పగడం ఎర్రగా కదా ఉంటది" అంది. కుజుడికని పెట్టుకున్నది. అది వేరే జాతి, మధ్యధరా సముద్రంలో, జపాన్ వైపు లోతు నీళ్ళలో దొరుకుతుంది, దిబ్బలు కట్టదు అని చెప్పాను. మన దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, కచ్ వైపు, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నాయి. గోదావరి ఇంత ఒండ్రు తెచ్చిపోసే మన తీరంలో వాటికి ఊపిరాడదు. "అయితే మన దగ్గర లేనిదాని కోసం ఇంత బెంగా నీకు" అంది. జవాబు చెప్పబోయేలోపు కుక్కరు కూత వేసింది.

భోజనాలయ్యాక ఆవిడ నడుం వాల్చింది. నేను క్యారీబ్యాగులు ముందేసుకున్నాను. వర్థైమ్ వాళ్ళు ప్లాస్టిక్ సంచులు, పాత వీడియో టేపులతో కూడా అల్లారు. ఆ దిబ్బ చూస్తే అందంగా ఉందో భయంగా ఉందో తేల్చుకోలేం. పద్ధతి తేలికే: సంచిని పరిచి, అడుగు, చెవులు కత్తిరించేసి, అడ్డంగా రెండు వేళ్ళ వెడల్పున ముక్కలు కొయ్యాలి. ప్రతిదీ ఒక రింగు. రింగులో రింగు దూర్చి లాగితే తాడు తయారు. పాల కవరు మందం ఎక్కువ, ముడి దగ్గర ఉబ్బుతుంది, పనికిరాదు. పల్చటి సంచి నయం. అయినా చెమట వేళ్ళకి అతుక్కుని, సూది లాగినప్పుడల్లా కీచుమంటుంది. మధ్యాహ్నమంతా కూర్చుంటే నిమ్మకాయంత నల్ల కుచ్చు తయారైంది. బాగుందని నేను అనలేను.

చేతులు ఆడుతుంటే బుర్ర ఎక్కడికో పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో ఇక్కడికే వచ్చి లేసు అల్లే ఆడవాళ్ళ గురించి రాసింది. 1982లో పుస్తకంగా వచ్చింది. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు సరుకు ఎగుమతి కోసం అల్లుతున్నా వీళ్ళని గృహిణుల కింద లెక్కేశారు, తీరిక వేళ కాలక్షేపం అన్నారు, లాభం వ్యాపారం చేసేవాళ్ళకి పోయింది అని ఆవిడ వాదన. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అని ప్రభుత్వం వేసే ముద్ర, వచ్చింది. సంతోషమే, ఊరి పేరు నిలబడింది. అల్లినావిడ పేరు దగ్గరే ఇంకా ఆగిపోయాం. ఊలు దిబ్బ అల్లినవాళ్ళ పేర్లన్నీ, ఒక్క కుచ్చు పంపినా సరే, అక్కచెల్లెళ్ళు రాసి పెడతారు. పోస్టరు మీద పెద్దక్షరాల్లో వాళ్ళిద్దరి పేర్లే ఉంటాయనుకోండి, అది కాదనను. అయినా వేల పేర్లున్న ఆ జాబితా నాకు పగడాలకన్నా ఎక్కువ నచ్చింది.

పెద్దమ్మ లేచాక టీ తాగుతూ అడిగాను, ఆ తెల్ల ముక్క నాకు ఇస్తావా, భీమవరంలో నా బల్ల మీద పెట్టుకుంటాను, కింద నీ పేరు రాసి పెడతాను అని. తీసుకుపో అంది. పేరెందుకు, ఎవరు చూస్తారు అని కూడా అంది. నేను చీటీ మీద రాయబోతుంటే మళ్ళీ ఆపింది.

"ఇంటిపేరు ఏది రాస్తున్నావు?"

"మనదే."

"సూది పట్టింది పుట్టింట్లో కదే. పుట్టింటిదే రాయి." అని కాసేపు ఆలోచించి, "రెండూ రాయిలే, మీ పెదనాన్న చూస్తే ఏదో ఒకటంటాడు" అంది.

చీటీలో పట్టలేదు. గోడ మీద క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు పెద్దక్షరాలతో రాశాను. దగ్గరుండి, దీర్ఘం సరిగ్గా పెట్టానో లేదో చూసుకుంది.