పేరు చెరిగిపోయిన డ్రిల్లింగ్ మిషన్

ఈ ఆదివారం డ్రిల్లింగ్ మిషన్ నడిచింది. మోటారు ఒక్కటే కాదు, బెల్టు, అది తిప్పే స్పిండిల్ అనే నిలువు ఇరుసు, దాని కొసన బిట్టును పట్టుకునే చక్, అన్నీ కలిసి తిరిగాయి. పొద్దున నుంచి చేసిన పని ఒంటికి తెలుస్తోంది గానీ, రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

పాత ఇనుము అంగడిలో తూకానికి కొన్న బెంచి డ్రిల్లు ఇది. అంతకుముందు పల్లెలో గొర్లు, గుంటకలు లాంటి సేద్యం పనిముట్లు చేసే షెడ్డులో ఉండేదట. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఆ చోట రివిట్ల బొక్కలు మాత్రం మిగిలాయి. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే గుర్తు ఇంకెక్కడా లేదు. "దీనికి స్పేర్లు యాడ దొరుకుతాయప్పా, కరిగించేదానికి పోవాల్సిందే" అన్నాడు అంగడాయన. ఆ మాట నాకు అప్పుడే నచ్చలేదు. పోత ఇనుము బేసు పగల్లేదు, స్తంభం వంగలేదు, తుప్పు పైపైనే ఉంది. అట్లాంటిదాన్ని కొలిమిలో వేయడానికి మనసెట్లా వస్తుంది?

మోటారు పని పోయిన వారమే అయిపోయింది. అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు. స్విచ్చి వేస్తే గుయ్యిమనేది తప్ప తిరిగేది కాదు. బెల్టు తీసేసి షాఫ్టును చేత్తో కొంచెం తిప్పి వదిలితే మాత్రం అందుకునేది. అంటే వైండింగ్ బాగానే ఉంది, లోపమంతా స్టార్టింగ్ వైపే. బోరు మోటార్ల పుణ్యమా అని అనంతపురంలో రివైండింగ్ అంగళ్లకు కొదవ లేదు. నాకు తెలిసిన భాయ్ కండెన్సరు మార్చి, వెనక మూత విప్పి సెంట్రిఫ్యూగల్ స్విచ్చి పాయింట్లు చూపించాడు. నల్లగా మాడిపోయి ఉన్నాయి. "కొత్త మోటారు ఎందుకన్నా, ఇది రాగి వైండింగు, ఉంచుకో" అన్నాడు. మోటారు వేగం అందుకున్నాక ఆ స్విచ్చి స్టార్టింగ్ వైండింగును విడదీస్తుంది. ఆపినప్పుడు వేగం తగ్గి మళ్లీ టిక్కుమని కలుస్తుంది. ఇప్పుడు ఆ టిక్కు స్పష్టంగా వినిపిస్తోంది.

నిన్నా ఈరోజూ పనంతా స్పిండిల్‌దే. నిన్న ముందుగా పక్కనున్న రిటర్న్ స్ప్రింగు డబ్బాను జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా వదులు చేశాను. హ్యాండిల్ వదిలితే స్పిండిల్‌ను పైకి లాగేది అదే. చుట్ట చుట్టుకుని ఉంటుంది, ఒక్కసారిగా వదిలితే చేతులు కోసేస్తుంది. తర్వాత స్పిండిల్ బయటికి తీసి కిరసనాయిల్లో నానబెట్టాను. గ్రీజు ఎండి మైనంలా పట్టుకుపోయింది. గుడ్డతో తుడుస్తుంటే బేరింగుల అంచుల మీద నంబర్లు బయటపడ్డాయి. కింద 6205, పైన 6203.

ఆ నంబర్లు చూసినప్పుడు కలిగిన సంతోషం మామూలుది కాదు. 6203 అంటే ఏ దేశంలో చేసినా లోపలి బొక్క 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 40, మందం 12. 6205 అయితే 25, 52, 15. చివరి రెండంకెలు 04 నుంచి మొదలైతే వాటిని 5తో గుణిస్తే లోపలి బొక్క కొలత వచ్చేస్తుంది. బెల్టు కూడా అంతే. ఎ సెక్షన్, అంటే పైన 13 మిల్లీమీటర్ల వెడల్పు, పొడవు అంగుళాల్లో దాని మీదే రాసి ఉంటుంది. చక్ కూర్చునే టేపరు, అంటే లోపలికి పోయేకొద్దీ సన్నబడే బొక్క, రెండో నంబరు మోర్స్ టేపరు, అదీ ఎక్కడైనా ఒకటే కొలత. ఈ మిషన్ చేసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, తమ దగ్గర మాత్రమే దొరికే సైజులు పెట్టకుండా ఎక్కడైనా దొరికేవే పెట్టారు. పేరు రేకు పోయినా మిషన్ బతకడానికి కారణం అదే. వాళ్ల మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

బేరింగులు నిన్ననే తెచ్చిపెట్టుకున్నాను, కాలిపర్‌తో కొలిచి చూసుకుని. కొత్తవాటిని ఎక్కించేటప్పుడు గుత్తి డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా వీధి మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. "లోపలి రింగు మీదే కొట్టాలప్పా, బయటి రింగు మీద కొడితే గోళీలు దెబ్బతింటాయి" అని పైపు ముక్క అందించాడు. మిషన్ బిగించాక ఆయన సన్నటి కదలికను కూడా ముల్లుతో చూపించే డయల్ గేజి తెచ్చి టేపరు లోపల ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పమన్నాడు. ముల్లు మిల్లీమీటరులో వందో వంతులు రెండంటే రెండే కదిలింది. చక్ ఎక్కించి కొలిస్తే ఏకంగా ఇరవై! స్పిండిల్ వంగిందేమోనని నాకు టెన్షన్ మొదలైంది. మామ చక్ దింపించి, దాని ఆర్బరు మీద, అంటే టేపరులోకి దూరే కడ్డీ మీద, వేలు పోనిచ్చి ఆగాడు. సన్నటి గాటు ఉంది, దాని అంచు పైకి లేచింది. నూనె రాయితో ఆ అంచు ఒక్కటే తీసేసి మళ్లీ పెడితే ఐదుకు దిగింది. నేను బొక్కలు వేసే ఇనుప పట్టీలకూ యాంగిళ్లకూ అది చాలు.

మిషన్ బల్ల మీద పాతవాళ్లు బిట్టు దించేసిన గుంతలు చాలా ఉన్నాయి. వాటిని పూడ్చను. లేచిన అంచులు రాయితో రుద్దాను, అంతే. బల్ల స్పిండిల్‌కు సమంగా ఉందో లేదో తెలియడానికి చక్‌లో వంచిన కడ్డీ బిగించి నాలుగు వైపులా తిప్పి, కొసకూ బల్లకూ మధ్య కాగితం పెట్టి చూశాను. ఎడమ పక్క కొంచెం ఎత్తు. బల్ల కింది బోల్టు వదులు చేసి సరిచేశాను. పెయింటు సంగతి తర్వాత. పెయింటు మెరుస్తూ లోపల బేరింగులు మోగే మిషన్లను చాలానే చూశాను, నాకు ఆ పద్ధతి నచ్చదు.

సాయంత్రం మా అమ్మాయి జడ ముడేసుకుని వచ్చింది, తనే మొదటి బొక్క వేస్తానని. "గ్లౌజులు వేసుకోనా నాన్నా?" అంటే వద్దన్నాను. తిరిగే బిట్టు గ్లౌజును పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. కళ్లద్దాలు మాత్రం పెట్టించాను. 10 మిల్లీమీటర్ల బిట్టు, మెత్తని ఇనుము. కోత వేగం, అంటే బిట్టు అంచు కదిలే వేగం, నిమిషానికి 25 మీటర్లనుకుంటే బిట్టు నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరగాలి. బెల్టును దానికి దగ్గరి వేగం ఇచ్చే పుల్లీ మెట్టు మీదికి మార్చాం. పట్టీని వైసులో బిగించి, పంచ్ గుర్తు మీద దించి, నూనె చుక్కలు వేస్తూ నొక్కింది. రెండు వైపుల నుంచీ ఒకే మందంలో చుట్టలు లేచాయి. బిట్టు రెండు పెదాలూ సమానంగా పదునున్నాయన్నమాట.

మామకు టీ ఇచ్చి, రేపటి పనులు గోడ మీద సుద్దతో రాశాను. బెల్టు మీదికి రేకు గార్డు చేయాలి, అది లేకుండా అమ్మాయిని మళ్లీ దగ్గరికి రానివ్వను. ఎర్తు వైరు లాగాలి. ఫీడు హ్యాండిల్‌కు ఒక గుబ్బ తక్కువ, లేతు మీద తిప్పించాలి. పల్లెల్లో వాన పడి నేల పదునైందంటున్నారు. గొర్లు రిపేరుకు వచ్చేలోపు ఇవన్నీ అయిపోవాలి.