రైతు అన్న మాట దగ్గర ఆగిపోయాను

పొద్దున మొదలుపెట్టిన అనువాదం మధ్యాహ్నమైనా మొదటి అధికరణం దాటలేదు. ఐక్యరాజ్యసమితి 2018 డిసెంబరు 17న ఆమోదించిన రైతు హక్కుల ప్రకటన అది. మొత్తం 28 అధికరణాలు. నేను మాత్రం రైతు అన్న ఒక్క మాట దగ్గరే కూర్చుండిపోయాను.

రైతు అంటే మనకు పొలం ఉన్న మనిషే గుర్తొస్తాడు. ప్రకటన అలా గీత గీయలేదు. ఇంటిల్లిపాదీ కష్టపడి కొద్దిపాటి సాగు చేసుకునేవాళ్లతో పాటు భూమి లేనివాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు, పశువుల కాపరులు, చేపలు పట్టేవాళ్లు, వలస వచ్చి పొలం పని చేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. 'రైతులు' అని రాసి కొట్టేశాను. 'రైతులు, రైతుకూలీలు' అన్నాను. మరి కాపరులు ఏమవ్వాలి? అదీ కొట్టేశాను.

ఈ మాటలు ఊరికే రాలేదు కాబట్టే తొందరపడలేకపోతున్నాను. 1993లో పుట్టిన అంతర్జాతీయ రైతు ఉద్యమం లా వియా కంపెసినా 1996లో రోమ్ ఆహార సదస్సు నాటికే ఆహార సార్వభౌమత్వం అనే మాటను ముందుకు తెచ్చింది. తిండి అందితే చాలదు, ఏం పండించాలో ఎలా పండించాలో నిర్ణయించే హక్కూ ప్రజలకే ఉండాలని దాని అర్థం. 2008లో ఆ ఉద్యమమే తమ హక్కుల ప్రకటన రాసుకుంది. తర్వాత జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో, బొలీవియా దేశం దాన్ని భుజానికెత్తుకుంది. 2012లో ఆ మండలి ఈ ప్రకటన రాయడం కోసం వర్కింగ్ గ్రూప్ వేసింది. అక్కడి నుంచి ఆమోదానికి ఇంకో ఆరేళ్లు. ఓటింగులో 121 దేశాలు అవునన్నాయి, 8 కాదన్నాయి, 54 తటస్థంగా ఉండిపోయాయి.

సాయంత్రం అక్కతో ఈ సంగతి చెబితే, "చట్టం కాదుగా, ఎందుకింత టెన్షన్?" అంది. నిజమే, దీన్ని అమలు చేసి తీరాలని ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేయలేం. రోమ్‌లోని ప్రపంచ ఆహార భద్రతా కమిటీలో కూడా అంతే. 2009 సంస్కరణ తర్వాత రైతు సంఘాలు అక్కడ కూర్చుని మాట్లాడగలుగుతున్నాయి, కానీ చివరి నిర్ణయం ప్రభుత్వాలదే. అయినా ఆ గదిలో మనవాళ్లు ఉండి తీరాలని నా నమ్మకం. 2021 ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవస్థల సదస్సులో కంపెనీల పెత్తనం చూసి బయటే నిలబడ్డదీ ఈ సంఘాలే. ఎప్పుడు లోపలికి వెళ్లాలో, ఎప్పుడు వెళ్లకూడదో వాళ్లకు తెలుసు.

మనసు ఊరుకోక 19వ అధికరణానికి వెళ్లాను. విత్తనాల హక్కు. తమ పంటలోంచి తీసిన విత్తనాన్ని దాచుకోవడం, వాడుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, అమ్ముకోవడం. ఈ నాలుగు మాటలకూ నిఘంటువు తెరవలేదు.

రైతు మాట మాత్రం ఇంకా తేలలేదు. రేపు అక్కను మళ్లీ అడగాలి, పొలం పనికి వెళ్లే మనిషి తన గురించి ఏమని చెప్పుకుంటుందో.