రస్కుల యూనిట్‌కు పీఎంఈజీపీ లోన్: మైనారిటీ కేటగిరీలో నేను వెళ్లిన దారి

పల్లెలో రస్కులు, ఉస్మానియా బిస్కెట్లు తయారుచేసే చిన్న యూనిట్ కోసం జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా పీఎంఈజీపీ లోన్ తీసుకున్నాను. కొత్త యూనిట్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ఇది. మన వాళ్లు చాలామంది మైనారిటీ కార్పొరేషన్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేస్తున్నారు. ఈ పథకానికి దానితో సంబంధం లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలతో పాటు మైనారిటీలు కూడా ఇందులో ప్రత్యేక కేటగిరీయే. ఈ సంగతి మసీదు దగ్గరా చర్చి దగ్గరా పది మందికి తెలియాలనే రాస్తున్నాను.

ముందు లెక్క. జనరల్ వాళ్లు ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం సొంతంగా పెట్టాలి. వాళ్లకు సబ్సిడీ పట్టణంలో 15 శాతం, పల్లెలో 25 శాతం. మనం పెట్టాల్సింది 5 శాతమే. సబ్సిడీ పట్టణంలో 25, పల్లెలో 35. ఉదాహరణకు పల్లెలో 8 లక్షల యూనిట్ అనుకోండి. సొంత డబ్బు 40,000, బ్యాంకు ఇచ్చేది 7,60,000, సబ్సిడీ 2,80,000. 2022లో మార్చిన నిబంధనల్లో తయారీ యూనిట్లకు గరిష్ఠ ప్రాజెక్టు ఖర్చు 50 లక్షలు, సర్వీసు యూనిట్లకు 20 లక్షలు. తయారీలో 10 లక్షలు దాటితేనే, సర్వీసులో 5 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

ఆ 2,80,000 చేతికి రాదు. బ్యాంకులోనే మీ పేరున మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద మీకు వడ్డీ ఇవ్వరు, లోన్‌లో అంత మొత్తానికి మీ దగ్గర వడ్డీ వసూలు చేయకూడదు. అంటే అసలు వడ్డీ పడేది 4,80,000 మీదే. సబ్సిడీ బ్యాంకుకు చేరేదాకా మాత్రం మొత్తం మీద మీటరు తిరుగుతుంది కాబట్టి మొదటి విడత విడుదలైన వెంటనే క్లెయిమ్ పంపారా లేదా అని బ్రాంచిలో అడుగుతూనే ఉండాలి. సబ్సిడీ వచ్చాక స్టేట్‌మెంట్ తీసుకుని వడ్డీ ఎంత మీద వేశారో చూసుకోండి. తేడా ఉంటే నోటిమాటతో వదిలేయకుండా కాగితం రాసి, రసీదు తీసుకోండి.

సర్టిఫికెట్ల దగ్గరే ఎక్కువ దరఖాస్తులు ఆగుతాయి. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్న ముస్లింలకు ఇబ్బంది లేదు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బీసీ-ఈలోకి రావు. అయినా వాళ్లు మైనారిటీలే, అందుకు వేరే మైనారిటీ సర్టిఫికెట్ పెట్టాలి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారిన కుటుంబాలు బీసీ-సీ కిందికి వస్తాయి. వాళ్లు దరఖాస్తులో ఎస్సీ అని పెడితే పరిశీలనలో చిక్కు వస్తుంది. ఆధార్, పాన్, కుల సర్టిఫికెట్ మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట 'షేక్', ఇంకోచోట 'ఎస్‌.కె.' అని ఉంటే ముందే సరిచేయించుకోండి.

పల్లె అని చెప్పుకోవడానికి పంచాయతీ నుంచి గ్రామీణ ప్రాంత సర్టిఫికెట్ కావాలి. యూనిట్ పెట్టే స్థలానిది కావాలి, మీ ఇంటిది కాదు. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయిందేమో షెడ్డు అద్దెకు తీసుకోకముందే కనుక్కోండి. పట్టణం కిందికి వస్తే సబ్సిడీ 35 నుంచి 25 శాతానికి పడిపోతుంది. 8 లక్షల మీద 10 శాతం తేడా అంటే 80,000.

ప్రాజెక్టు రిపోర్టు ఎవరో అమ్మే నమూనా కాగితం కాకూడదు. బ్యాంకు మేనేజరు అడిగేవి మూడే: రోజుకు ఎన్ని కిలోలు తీస్తావు, ఎవరికి అమ్ముతావు, వాయిదా ఎక్కడి నుంచి కడతావు. మైదా, డాల్డా, చక్కెర, గ్యాస్, కూలి, ప్యాకింగ్ కవరు, అన్నీ కిలోకి లెక్కగట్టి రాయండి. కిరాణా షాపులవాళ్లు అరువు అడుగుతారు. అందుకని కనీసం నెల సరుకుకు సరిపడా వర్కింగ్ క్యాపిటల్ (సరుకుకు, కూలికి తిప్పే డబ్బు) చూపించాలి. అలాగని ఎక్కువ రాసుకోవద్దు. దీనికోసం బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ పరిమితిని మూడేళ్లలో కనీసం ఒక్కసారి నూరు శాతం వాడాలి, సగటున 75 శాతానికి తగ్గకూడదు. లేకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. ఈ షరతు చాలామందికి చివర్లో తెలుస్తుంది. స్థలం కొనే ఖర్చు ప్రాజెక్టులో చేర్చకూడదు.

ఓవెన్, పిండి కలిపే మిక్సర్, స్లైసర్, ట్రేలు, ర్యాకులకు కొటేషన్లు జీఎస్టీ నంబరున్న డీలరు దగ్గరే తీసుకోండి. జీఎస్టీ, రవాణా, బిగింపు కలిపి రాయించాలి. బ్యాంకు డబ్బు నేరుగా డీలరుకే పంపుతుంది. కొటేషన్‌లో పన్ను లేకపోతే ఆ లోటు మీ జేబులోంచే పోతుంది. లోన్ మంజూరు కాకముందు మిషన్లు కొనొద్దు. ఇది కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్నదానికీ, వేరే పథకంలో సబ్సిడీ తీసుకున్నదానికీ రాదు. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు.

పరిశ్రమల కేంద్రం పంపిస్తే లోన్ వచ్చినట్టు కాదు. తేల్చేది బ్యాంకే. దరఖాస్తులో బ్రాంచి ఎంచుకునే ముందే వెళ్లి మేనేజరుతో మాట్లాడాలి. పాత బంగారం లోను బాకీ, ఎవరికో ఇచ్చిన పూచీకత్తు, సిబిల్‌లో (పాత అప్పుల రికార్డులో) ఏదున్నా ముందే తీర్చుకోవాలి. 10 లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అడిగితే మర్యాదగానే ఆ మాట గుర్తుచేయండి. దరఖాస్తుకు ఫీజు లేదు, సబ్సిడీలో వాటా అడిగే ఏజెంటుకు రూపాయి ఇవ్వొద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) కూడా ఉచితమే.

5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు 10 రోజుల శిక్షణ తప్పనిసరి. ఈలోగా త్రీ ఫేజ్ కరెంటు, పంచాయతీ లైసెన్సు, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ పనులు మొదలుపెట్టండి. మిషన్లు దిగి కరెంటు రాకపోతే ఖాళీ షెడ్డుకు అద్దె కట్టాలి.

మూడేళ్లకు అధికారులు వచ్చి యూనిట్ చూస్తారు. పీఎంఈజీపీ బోర్డు కనిపించాలి, మిషన్లు నడుస్తూ ఉండాలి, బిల్లులు చూపించాలి. అన్నీ సరిగ్గా ఉంటే డిపాజిట్‌ను లోన్‌కు జమ చేస్తారు. ఆ తర్వాత మొదటి లోన్ గడువులో తీర్చినవాళ్లు యూనిట్ పెంచుకోవడానికి రెండో లోన్‌కు వెళ్లొచ్చు. తయారీకి కోటి రూపాయల దాకా, 15 శాతం సబ్సిడీతో.